టేపు చుట్టకముందే తేలిపోవాల్సిన జాయింటు

ఎలుక కొరికిన కూలర్ వైరుకైనా, తలుపు కింద నలిగిన ఎక్స్‌టెన్షన్ వైరుకైనా చాలా ఇళ్లలో వైద్యం ఒకటే. బ్లేడుతో తొక్క గీకి, రెండు కొసలనూ నాలుగు మెలికలు తిప్పి, పైన నల్ల టేపు చుట్టేస్తారు. బల్బు వెలిగితే పని అయిపోయినట్టే. కానీ ఆ జాయింటు మంచిదో కాదో బల్బు చెప్పదు. గీజరో ఇస్త్రీ పెట్టో నడిచేటప్పుడు టేపు కింద, కంటికి కనబడకుండా తేలుతుంది.

కొంచెం లెక్క చూద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరు పొడవున నిరోధం దాదాపు 0.013 ఓమ్. వదులు మెలిక ఉన్న ఒక్క చోటే అది 0.5 ఓమ్‌కు చేరిందనుకోండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 8.7ను 8.7తో, ఆ వచ్చినదాన్ని 0.5తో గుణిస్తే దాదాపు 38 వాట్లు. టీవీ మెకానిక్ దగ్గర సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. అంతకన్నా ఎక్కువ వేడి మీ గోడలో వేలెడంత చోట పుడుతోందన్నమాట. మామూలు పీవీసీ తొక్క తట్టుకునేది 70 డిగ్రీల వరకే.

మెయిన్ బోర్డులోని రక్షణ స్విచ్చు, అదే ఎంసీబీ, ఎందుకు పడదని చాలామంది అడుగుతారు. దానికి తెలిసేది కరెంటు పెరగడం ఒక్కటే. వదులు జాయింటు వల్ల కరెంటు పెరగదు, పిసరంత తగ్గుతుంది కూడా. లీకేజీని పట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రతి ఇంట్లో ఉండాల్సిందే, కానీ కరెంటు బయటికి కారనంతవరకు ఈ వేడి దానికీ తెలియదు. పైగా జబ్బు దానంతటదే ముదురుతుంది. వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడితే నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది.

టేపు విద్యుత్తును ఆపుతుంది, అంతే. తీగలను పట్టి ఉంచడం దాని పని కాదు. టేపు లేకుండా లాగి చూసినా ఊడనిదే జాయింటు.

ముట్టుకునే ముందు కరెంటు నిజంగా పోయిందో లేదో చూడాలి. మెయిన్ ఆపేశాం కదా అన్న ధీమా ఇన్వర్టరు ఉన్న ఇంట్లో పనికిరాదు. మెయిన్ పడగానే ఇన్వర్టరు లేచి అదే వైర్లలోకి 230 వోల్టులు పంపుతుంది. దాని ముందున్న బటన్ ఒక్కటే నొక్కితే కొన్ని మోడళ్లలో మెయిన్ కరెంటు నేరుగా దాటిపోతుంది. అందుకే రెండూ ఆపాలి. వైరు రంగునూ గుడ్డిగా నమ్మకూడదు. న్యూట్రల్ (గోడ వైరింగ్‌లో సాధారణంగా నల్లవైరు) తెగి, స్విచ్ వేసే ఉంటే, బల్బు గుండా వచ్చిన ఫేజు తెగిన నల్లవైరు కొసలో కూచుని ఉంటుంది. నల్లదే కదా అని పట్టుకుంటే షాకే. ముందు పనిచేస్తున్న సాకెట్‌లో మల్టీమీటరును పరీక్షించండి. తర్వాత ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడింటి మధ్యా వోల్టేజీ లేదని చూడండి. చివర్లో మళ్లీ ఆ సాకెట్ దగ్గరికే వెళ్లి మీటరు బాగుందని తేల్చుకోండి.

గోడలోని వైరింగ్ జోలికి మాత్రం మీరు వెళ్లకండి. స్విచ్చులు, ఫ్యూజుల మార్పిడి లాంటి చిన్న పనులు తప్ప మిగతా మరమ్మతులు లైసెన్సు ఉన్నవారే చేయాలని కేంద్ర విద్యుత్ నిబంధనలు చెబుతున్నాయి. చేయించేటప్పుడు ఒకటి గట్టిగా అడగండి: పైపు లోపల జాయింటు వద్దు, ఉంటే మూత తీసి చూడగలిగే జంక్షన్ బాక్సులోనే ఉండాలి. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు ఉంటే దాన్ని రాగితో నేరుగా మెలివేయనివ్వకండి. అల్యూమినియం మీద కరెంటును అడ్డుకునే ఆక్సైడ్ పొర ఉంటుంది, చెమ్మ తగిలితే రెండు లోహాల మధ్య తుప్పు మొదలవుతుంది, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పట్టు సడలుతుంది. రెండు లోహాలకూ పనికొచ్చేలా తయారైన కనెక్టరే వాడాలి.

ఇక ప్లగ్గు పీకేసి బల్లమీద పెట్టుకోగల వైరు సంగతి. దెబ్బ కొసకు దగ్గర్లో ఉంటే అతకవద్దు. అక్కడికి కత్తిరించి, పొట్టి చేసి, ప్లగ్గు మళ్లీ బిగించండి. జాయింటే లేని మరమ్మతును మించింది లేదు. ప్లగ్గులో ఆకుపచ్చ ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా కాస్త పొడవుగా వదలండి. ఎవరైనా లాగితే ఫేజు ముందు ఊడాలి, ఎర్త్ చివర ఊడాలి.

దెబ్బ మధ్యలో తగిలితే వైరే మార్చడం మేలు. గీజరు, ఇస్త్రీ పెట్టె, నీళ్ల మోటారు, తడిసే కూలర్ వైర్లకైతే వేరే ఆలోచనే వద్దు. ఎక్స్‌టెన్షన్ లాంటిదాన్ని రెండు ముక్కలుగా వాడుకోవచ్చు. అప్పుడు కరెంటు వచ్చే వైపు సాకెట్టే ఉండాలి, పరికరం వైపు ప్లగ్గు ఉండాలి. తలకిందులైతే బయటికి కనిపించే పిన్నుల్లో కరెంటు ఉంటుంది.

తప్పనిసరై అతికితే తొక్క తీయడంలోనే సగం పని ఉంది. మన దగ్గర దొరికే చాలా 1.5 సైజు ఇంటి వైర్లలో 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి. బ్లేడు లోతుగా దిగి 5 తెగితే మిగిలేది 1.2 చదరపు మిల్లీమీటర్లే, ఆ చోటే ముందు వేడెక్కుతుంది. కాబట్టి సైజు గుర్తులున్న స్ట్రిప్పర్ వాడండి, పోగు తెగితే కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు ఎర్త్. త్రీఫేజు ఇంటి గోడ వైర్లలో నీలం ఒక ఫేజని మరవకండి.

మూడు జాయింట్లనూ ఒకేచోట రానివ్వకుండా మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంగా వేయండి. తొక్క కరిగినా ఫేజు, న్యూట్రల్ ఎదురెదురుగా తగలవు. వేడి తగిలితే కుదించుకుపోయి వైరును పట్టే హీట్ ష్రింక్ గొట్టాలను ముందే వైరుకు ఎక్కించాలి. ఇది మరిచి జాయింటు వేసి, మళ్లీ విప్పనివారు అరుదు. కొసలను రాగి గొట్టం కనెక్టర్లో రెండు వైపులా దూర్చి క్రింపింగ్ టూలుతో నొక్కండి. కటింగ్ ప్లేయర్‌తో నలిపితే చదునవుతుందే గానీ పట్టదు. ప్లగ్గు లాంటి చోట్ల స్క్రూ కింద పెట్టే పోగులకు సీసం పూయవద్దు. సీసం ఒత్తిడికి మెల్లగా జారుతుంది, ఇవాళ బిగించిన స్క్రూ నెలల్లో వదులవుతుంది. బదులుగా పోగుల కొసకు పిన్ లగ్గు అనే లోహపు తొడుగు నొక్కి బిగించండి. టేపు వాడాల్సి వస్తే సగం మీద సగం పడేలా, కాస్త లాగుతూ, పాత తొక్క మీదికి రెండు సెంటీమీటర్లు వెళ్లేలా మూడు పొరలు చుట్టండి. అన్నిటి మీదా ఒక పెద్ద గొట్టం తొడిగి కుదించండి.

మల్టీమీటరుతో ప్రతి తీగా కొస నుంచి కొసకు కలిసిందా, ఒకదానికొకటి తగలడం లేదా చూశాక అసలు వాడే పరికరమే తగిలించి అరగంట నడపండి. ప్లగ్గు పీకి, జాయింటు మీద ఒక చేయి, ఒక మీటరు దూరంలో వైరు మీద ఇంకో చేయి వేయండి. జాయింటు కాస్త ఎక్కువ వెచ్చగా అనిపించినా కత్తిరించి మళ్లీ వేయండి.