రాక్షస గుళ్ళలో రాక్షసులూ లేరు, లంకె బిందెలూ లేవు

రాక్షస గుళ్ళ దగ్గర మేం పురావస్తు తవ్వకం మొదలుపెట్టిన రెండో రోజుకే ఊళ్ళోవాళ్ళు గట్టు మీద చేరి అడిగే మాట ఒకటే: "సార్, లంకె బిందెలు దొరికాయా?" ఎన్నో ఏళ్ళుగా దానికి జవాబు చెబుతూనే ఉన్నాను.

అపోహ: లోపల నిధి ఉంటుంది.

మన ఊళ్ళ పక్కన రాక్షస గుళ్ళు, పాండవ గుళ్ళు అని పిలిచేవి చాలావరకు పాతకాలపు సమాధులు. నాలుగు వైపులా రాతిపలకలు నిలబెట్టి, పెట్టెలా చేసి, పైన పెద్ద బండ కప్పారు. చాలావాటికి చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చి ఉంటాయి. లోపల దొరికేవి ఎముకలు, కుండలు, ఇనుప బల్లేలు, గొడ్డళ్ళు, ఎర్రరాతి పూసలు. బంగారం ఎప్పుడో ఒకటీ అరా పూస, అంతే.

ఒకసారి మేం వెళ్ళేసరికి రాత్రికి రాత్రే ఎవరో పైబండ పగలగొట్టేశారు. పక్కన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. లోపల కుండలన్నీ పెంకులైపోయాయి. ఒక పెంకు చేతిలోకి తీసుకున్నాను. లోపలి వైపు, అంచు దగ్గర నల్లగా నిగనిగలాడుతోంది, బయట కింది భాగం ఎర్రగా ఉంది. కుండను బోర్లించి కాల్చితే గాలి అందని చోట నలుపు, గాలి తగిలిన చోట ఎరుపు వస్తుంది. రెండు వేల ఏళ్ళకు పైగా చెక్కుచెదరని కుండ అది. విరిగిన చోటు మాత్రం ఇంకా మట్టి అంటకుండా కొత్తగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏ ఎముక ఏ కుండ పక్కన, ఏ దిక్కుకు ఉందో చూసే మేం ఆ మనుషుల గురించి తెలుసుకుంటాం. అదంతా ఒక్క రాత్రిలో పోయింది.

ఒకవేళ నిజంగా ఏదైనా దొరికినా దాచుకోవడం కుదరదు. భూమిలో 10 రూపాయలకు మించి విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది.

అపోహ: ఇంత పెద్ద బండలు మనుషులు ఎత్తలేరు.

యంత్రాలు రాకముందు మన వడ్డెర పనివాళ్ళు ఏం చేసేవారో పెద్దవాళ్ళని అడగండి. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పై పొర విడిపోతుంది. సుత్తితో తడితే బోలు చప్పుడు వస్తుంది. అప్పుడు గడ్డపారలతో మీటితే పలకకు పలకే లేస్తుంది. మన గ్రానైట్ గుట్టలు ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడే రకం. ఇనుప పనిముట్లు, మోకులు, పదిమంది చేతులు ఉంటే చాలు, రాక్షసులు అక్కర్లేదు.

అపోహ: ఒక్కో సమాధి ఒక్కో రాజుది.

చాలాచోట్ల ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురి ఎముకలు ఉంటాయి, అవీ పూర్తిగా ఉండవు. శవాన్ని మొదట వేరే చోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి ఇక్కడ పెట్టేవారు. మనం అస్థికలు ఏరి తెచ్చినట్టే అనుకోండి, కాకపోతే ఇవి చాలావరకు కాల్చనివి. కొన్నిటికి తూర్పు పలకలో మనిషి పాకి దూరేంత గుండ్రటి కన్నం ఉంటుంది. ఆ కుటుంబంలో ఇంకొకరు పోయినప్పుడు బండ ఎత్తకుండా ఆ దారిన లోపల పెట్టడానికే అది అని నా నమ్మకం. కొందరు అనుకునేట్టు అది మరుగుజ్జుల ఇంటి గుమ్మం కాదు.

అపోహ: ఇవి కొత్తరాతి యుగానివి.

కొత్తరాతి యుగం అంటే ఇంకా ఇనుము తెలియక, నునుపు చేసిన రాతి పనిముట్లు వాడిన కాలం. పెద్ద రాళ్ళు చూడగానే అలా అనిపిస్తుంది. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధి నిజంగానే ఆ కాలానిది, సుమారు క్రీ.పూ. 3200 నాటిది. మనవి మాత్రం ఎక్కువ భాగం ఇనుప యుగానివి, ఇంచుమించు క్రీ.పూ. 1000 తర్వాతవి. కొత్తరాతి యుగం మన దగ్గర వదిలి వెళ్ళినవి వేరే. అనంతపురం జిల్లా పాలవాయిలో ఉన్నట్టు పశువుల పేడ కాలిన బూడిద దిబ్బలు వాటిలో ఒకటి. ఆ కాలంలో పసిపిల్లల్ని కుండల్లో పెట్టి పూడ్చేవారు.

ఇవన్నీ ఎక్కడో అడవుల్లో ఉంటాయనుకోకండి. హైదరాబాదులో మౌలాలి, హష్మత్‌పేటల్లో కూడా బయటపడ్డాయి. మీ చేను చదును చేస్తుంటే గుండ్రంగా పేర్చిన రాళ్ళు కనిపిస్తే, జేసీబీ ఆపించి ఒక ఫోటో తీసి తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. మేం వచ్చేదాకా ఒక్క రాయి కూడా కదపకండి.