విశాఖ గాలి, మన ముక్కు: ఓపీలో రోజూ వినే అపోహలు

చలికాలం మొదలైతే ఈఎన్‌టీ ఓపీలో ఎక్కువమందిది ఒకటే బాధ. లేవగానే వరస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, రాత్రి పక్కమీదకి చేరగానే దిబ్బడ. కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు: "పొల్యూషనండీ." గాజువాక నుంచి వచ్చినవాళ్లూ అదే మాట, రుషికొండలో పదో అంతస్తు నుంచి దిగివచ్చినవాళ్లూ అదే మాట. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. కానీ ఊరి గాలిని ఒక్కదాన్నే ముద్దాయిని చేస్తే, అసలు ముద్దాయి చాలాసార్లు ఇంట్లో హాయిగా తప్పించుకుంటాడు.

అపోహ: సముద్రం పక్కనే ఉన్నాం, మన గాలికేం?

ఢిల్లీ కన్నా నయమే, కాదనను. అయితే ఢిల్లీ కన్నా నయం అనేది ఒక ప్రమాణం కాదు కదా. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి నాణ్యతా ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది.

మన ఊరి నేల తీరు చూడండి. ఒక పక్క కైలాసగిరి వరస, ఇంకో పక్క యారాడ కొండ, మధ్యన పల్లం. ఓడరేవు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, హైవే మీద లారీలు, అన్నీ ఆ పల్లంలోకే వచ్చి పడ్డాయి. పగలు గాలి సముద్రం మీంచే వస్తుంది, నిజమే. కానీ బొగ్గు గుట్టల మీదుగా వచ్చేదీ సముద్రపు గాలే. జ్ఞానాపురం వాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. (గాలిలో ఎగిరే ఉప్పు కణాలు కూడా పీఎం10 లెక్కలోకి, అంటే 10 మైక్రాన్లలోపు కణాల లెక్కలోకి వస్తాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వాటి గురించి బెంగ పెట్టుకోకండి.)

రాత్రికి గాలి తిరుగుతుంది. నేల మీంచి సముద్రం వైపు నెమ్మదిగా కదులుతుంది. చలికాలంలో నేలనంటుకుని చల్లగాలి, దాని పైన వెచ్చగాలి గిన్నె మీద మూతలా కూర్చుంటాయి. కింది పొగ పైకి పోయే దారి ఉండదు. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము గాలి మనం అనుకున్నంత స్వచ్ఛం కాదు. భోగినాడు సరిగ్గా ఆ వేళకే, ఆ గాలిలోనే పాత టైర్లు కూడా మంటలో వేస్తాం. వాకింగ్ మానమని నేను ఎవరికీ చెప్పను. కాస్త ఎండెక్కాక, హైవేకి దూరంగా నడవండి. తెల్లారకముందే వెళ్లక తప్పదంటే బీచ్ రోడ్డు మేలు, ఆ వేళకి అక్కడ బళ్లు తిరగనివ్వరు.

అపోహ: నా ఎలర్జీకి బయటి పొగే కారణం

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. ఎలర్జీ అంటే ఒంటికి ఏ హానీ చేయని ఒక ప్రోటీన్ని మన రక్షణ వ్యవస్థ శత్రువని గుర్తుపెట్టుకుని, దాని మీదకి ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసుకోవడం. దుమ్ములో కంటికి కనపడని పురుగులు (డస్ట్ మైట్స్ అంటాం), వాటి రెట్ట, బొద్దింకలు, బూజు, వయ్యారిభామలాంటి మొక్కల పుప్పొడి, వీటి మీద అలా తయారవుతాయి. లారీ పొగ మీద, సల్ఫర్ డయాక్సైడ్ మీద తయారవవు. పొగ చేసే పని వేరు. అది ముక్కు లోపలి పొరని నేరుగా రేపుతుంది. మంట, దిబ్బడ, నీరు కారడం వస్తాయి. బాధ ఎలర్జీలాగే ఉంటుంది, రోగం అది కాదు.

మరి సంబంధమే లేదా? ఉంది. ముందే ఎలర్జీ ఉన్న ముక్కులో డీజిల్ పొగ కణాలు ఆ ఐజీఈ స్పందనని ఇంకా ఎగదోస్తాయి. పొర దెబ్బతినడంతో పుప్పొడి, మైట్ రెట్ట సులువుగా లోపలికి దిగుతాయి. రెండు తుమ్ములతో పోవాల్సింది అరగంట సాగుతుంది. పెద్దవాళ్లలో లేని ఎలర్జీని కాలుష్యం కొత్తగా పుట్టిస్తుందా అన్నదాని మీద పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. ఉన్నదాన్ని ముదరబెడుతుందన్న దానికి మాత్రం ఆధారాలు గట్టివి.

మీది ఏదో తెలుసుకోవాలంటే నేను ముందు అడిగేది దురద గురించి. ముక్కు, కళ్లు, అంగిలి దురద పెడుతుంటే ఎలర్జీ వైపే అనుమానం. మంట, గొంతు గరగర ఎక్కువైతే పొగ వైపు. రెండో ప్రశ్న: "ఆదివారం ఇంట్లోనే ఉంటే తగ్గుతుందా, పెరుగుతుందా?" ఎన్‌ఏడీ జంక్షన్‌లో బండి మీద ఆగినప్పుడే మొదలై, ఇంటికొచ్చిన గంటకి సర్దుకుంటే అది రోడ్డు పని. ఆదివారమే ఎక్కువైతే, దుప్పటి దులపగానే తుమ్ములు మొదలైతే, పరుపు సంగతి చూడాలి. మన తేమకి మైట్స్ ఏడాది పొడుగునా బతుకుతాయి. తాతలనాటి బూరుగుదూది పరుపు, నూనె మరకల దిండు, కిటికీలు మూసి ఏసీ వేసిన గది: వాటికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. దిండు గలేబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే, ఎలర్జీ కారకాల చుక్కలు చర్మం మీద వేసి సన్నగా గుచ్చి చూసే ప్రిక్ టెస్టు ఉంది.

"చిన్నప్పుడు లేదండీ, నలభై దాటాక ఎలర్జీ ఏంటి?" అంటారు. వస్తుంది. దానికి వయసుతో పని లేదు.

అపోహ: కర్చీఫ్‌లో నల్లగా పడుతోందంటే ఊపిరితిత్తులు పాడైపోయినట్టే

కాదు, ముక్కు తన పని తాను చేసిందని అర్థం. 10 మైక్రాన్లు దాటిన కణాల్లో చాలా భాగం ముక్కు దగ్గరే ఆగిపోతాయి. మల్కాపురంలో డాబా మీద ఆరేసిన తెల్లచొక్కాకి అంటే నల్లపొడి చాలామటుకు ఇలాంటి ముతక దుమ్మే. వేలితో రాస్తే కనపడేదాని కన్నా, కనపడకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే పీఎం2.5కే (2.5 మైక్రాన్లలోపు కణాలకే) నేను ఎక్కువ భయపడతాను.

అపోహ: ఫోన్లో ఏక్యూఐ ఆకుపచ్చగా ఉంది, ఇక మాస్క్ ఎందుకు?

మన దేశపు ఏక్యూఐలో (గాలి నాణ్యత సూచీలో) కాలుష్య కణాల లెక్క 24 గంటల సగటు. పైగా అది ఆ స్టేషను చుట్టుపక్కల గాలిది. పొద్దున్న తొమ్మిదింటికి కాన్వెంట్ జంక్షన్‌లో లారీ వెనక ఆగిన మీ ముక్కు సంగతి ఆ అంకెకి తెలీదు. ప్రమాణాల్లోనూ తేడా ఉంది. పీఎం2.5కి రోజు సగటున మన దగ్గర ఒప్పుకునేది ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

మాస్క్ విషయానికొస్తే, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 కణాల్ని ఆపుతుంది, వాయువుల్ని ఆపదు. చున్నీ, కర్చీఫ్ పెద్దగా దేన్నీ ఆపవు.

అపోహ: డ్రాప్స్ మంచివి, స్ప్రే అంటే స్టెరాయిడ్, అలవాటైపోతుంది

తలకిందులు చేసి చెప్పుకుంటే సరిపోతుంది. అలవాటయ్యేది డ్రాప్సే. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. వరసగా అయిదు రోజులు దాటితే, మందు దిగిపోగానే మునుపటి కన్నా గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్క, మళ్లీ బిగువు. జేబులో డ్రాప్స్ సీసా లేనిదే గడప దాటని పేషెంట్లు నాకు ఇప్పటికీ వస్తుంటారు.

మొమెటసోన్, ఫ్లుటికసోన్ స్ప్రేల మందు రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. చిక్కల్లా జనం వాడే తీరుతోనే. తల వెనక్కి వాల్చి, నడిమి గోడ మీదకి కొట్టి, గట్టిగా ఎగబీలుస్తారు. మందంతా గొంతులోకి పోతుంది, గోడ ఎండి రక్తం చుక్క కనపడుతుంది, "పడలేదండీ" అని మానేస్తారు. తల కొంచెం ముందుకి వంచండి. కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి కొట్టండి. మొన బయటికి, కంటి చివర వైపు చూడాలి. పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చండి. రోజూ వాడుతూ రెండు వారాలు చూశాకే పని చేసిందా లేదా అన్నది తేల్చండి.

మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రని మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగేవాళ్లకి ఒక మాట: నిద్ర చెడటం, దిగులు, మనసులో తేడా లాంటివి రావచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దాని మీద తీవ్ర హెచ్చరిక ముద్రించమంది. డాక్టరుతో మాట్లాడకుండా వాడకండి.

అపోహ: పసుపు కొమ్ము కాల్చి పొగ పీలిస్తే ముక్కు శుభ్రమవుతుంది

పొగతో రేగిన ముక్కుకి ఇంకో పొగా? సాంబ్రాణి, దోమల కాయిల్ కూడా ఇదే జాబితా. ఉప్పునీటితో కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్లు, లీటరుకి 9 గ్రాముల ఉప్పు. కుళాయి నీళ్లు మాత్రం నేరుగా వాడొద్దు.

అపోహ: ఏడాకుల పాల చెట్టు కొట్టేస్తే అందరి ఎలర్జీ పోతుంది

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఊరి పచ్చదనాన్ని ఊడ్చుకుపోయాక విరివిగా నాటిన వాటిలో ఇదొకటి. అక్టోబరు నుంచి పూసి, సాయంత్రమయ్యేసరికి ఘాటుగా కొడుతుంది. ఆ ఘాటుకి కొందరికి తలనొప్పి, ముక్కు దిబ్బడ రావడం నిజమే. ఎక్కువమందిలో అది వాసన ముక్కుని రేపడం, ఎలర్జీ కాదు. పడకగది కిటికీ ఆ వేళకి మూసుకోండి. రోడ్డు పక్క కొత్తగా నాటేటప్పుడు వేరే చెట్టు ఎంచుకోమని నేనూ అంటాను.

అపోహ: ముక్కులో కండ పెరిగింది, కోయించుకోవాలి

టార్చి వేసి చూస్తే ఎర్రగా కనపడే ఆ కండ అందరికీ ఉంటుంది. ఎలర్జీలో వాస్తుంది, చాలామందికి స్ప్రేతోనే తగ్గుతుంది. పాలిప్ (ముక్కు పొర నుంచి పెరిగే మెత్తటి బుడిపె) అన్నది వేరు, అది ఎండోస్కోపీలోనే సరిగ్గా తేలుతుంది. అన్నట్టు రక్తపరీక్షలో ఈస్నోఫిల్స్ పెరిగితే దాన్నే జబ్బుపేరు చేసి "నాకు ఈస్నోఫీలియా" అంటారు. అది ఒక రక్తకణం లెక్క, నులిపురుగులున్నా పెరుగుతుంది.

దిబ్బడ ఎప్పుడూ ఒకే వైపు ఉండి, ఆ వైపు నుంచే రక్తం పడుతుంటే మాత్రం దాన్ని పొల్యూషన్ ఖాతాలో వేసి ఊరుకోకండి, ఆ వారంలోనే చూపించుకోండి. తుమ్ములతోపాటు రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉన్నా అంతే. ముక్కు ఎలర్జీ ఉన్నవాళ్లలో ఆస్తమా కూడా తరచుగా కనపడుతుంది, రెండింటికీ కలిపి మందు రాయాలి.