హెడ్‌ఫోన్లు మూగబోతే పారేయడమేనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో గాంధీ రోడ్డుకు దగ్గర్లో నాది చిన్న రిపేరు బల్ల. యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, కొండ మీదికి డ్యూటీకి పోయొచ్చేవాళ్లు, పొద్దున్నే అలిపిరి మెట్లెక్కేవాళ్లు హెడ్‌ఫోన్లు తెచ్చి బల్ల మీద పెడతారు. "అన్నా, ఒక పక్క వినపళ్లేదు. పారేసేదేనా?" అని అడుగుతారు. నిజంగా పారేయాల్సినవి చాలా తక్కువ. నా దగ్గరికి రాకుండానే ఇంట్లో బాగుచేసుకోగలిగినవీ ఉంటాయి.

అపోహ: ఒక పక్క శబ్దం రాకపోతే స్పీకర్ కాలిపోయినట్టే.
స్పీకర్ కాలడం అరుదు. తెగేది వైరు. అది కూడా జాక్ మెడ దగ్గరో, వైరు కప్పులోకి దూరే చోటో తెగుతుంది. పాట పెట్టుకుని ఆ చోట మెల్లగా వంచి చూడండి. గరగరమని వచ్చీపోతూ ఉంటే జబ్బు దొరికినట్టే.

అంతకన్నా ముందు ఇంకో ఫోనుకు పెట్టి చూడండి. మొన్న ఒకమ్మాయి రెండు ఇయర్‌ఫోన్లు మార్చి, మూడోది పట్టుకొచ్చింది. ఫోన్ ఆపి, జాక్ రంధ్రంలో టూత్‌పిక్ తిప్పితే నూలుపోగులు చిన్న ఉండలా బయటికొచ్చాయి. జాక్ పూర్తిగా దిగడం లేదు, అంతే. మూడు ఇయర్‌ఫోన్లూ బాగానే ఉన్నాయి.

అపోహ: మ్యూజిక్ వస్తూ గొంతు మాత్రం మాయమైతే ఫోన్లో సెట్టింగ్ ఏదో మారింది.
చాలాసార్లు ఇది గ్రౌండ్ వైరు తెగిన గుర్తు. జాక్ కొన ఎడమ చెవికి, దాని తర్వాతి వలయం కుడి చెవికి. ఇంకో వైరు రెండింటికీ ఉమ్మడి, అదే గ్రౌండ్. అది తెగితే రెండు స్పీకర్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి, ఎడమ కుడి పక్కల మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. పాటలో గొంతు సాధారణంగా రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. డొల్లగా, దూరం నుంచి వచ్చినట్టు మిగతా వాయిద్యాలే వినిపిస్తాయి. ఆ శబ్దం ఒకసారి గుర్తుపడితే మీటరు (వైరు తెగిందో లేదో చూపే మల్టీమీటర్) కూడా అక్కర్లేదు.

అపోహ: తెగిన వైర్లు మెలేసి టేపు చుడితే చాలు.
ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఇయర్‌ఫోన్ వైరులో ఎరుపు, పచ్చ, రాగి రంగుల్లో మెరిసేది ఉత్త రాగి కాదు, దాని మీద లక్కలాంటి పూత ఉంటుంది. ఆ పూత కరెంటును పోనివ్వదు, సోల్డర్‌ను, అంటే వైర్లు అతకడానికి కరిగించే లోహాన్ని, అంటనివ్వదు. బాగా కాగిన సోల్డరింగ్ ఐరన్ కొన మీద సోల్డర్ బొట్టు నిలిపి, కొద్దిగా సోల్డరింగ్ పేస్ట్ రాసిన వైరు కొనను అందులో రెండు మూడు సెకన్లు ముంచండి. చిన్న పొగ లేస్తుంది, రంగు పోయి వెండిలా తెల్లబడుతుంది. అప్పుడే అది అతకడానికి సిద్ధమైనట్టు. కిటికీ పక్కన కూర్చోండి, ఆ పొగ పీల్చొద్దు. వైరు మధ్యలో ఉండే నూలు పోగును కత్తిరించేయండి.

సాధారణంగా ఎరుపు కుడికి, పచ్చ లేదా నీలం ఎడమకు, రాగి రంగుది గ్రౌండ్‌కు. అయినా అతికే ముందు మీటరుతో చూసుకోండి. కొత్త జాక్ 20 - 30 రూపాయలకే దొరుకుతుంది. మైకు ఉన్న వైరుకు మాత్రం నాలుగు భాగాల జాక్ అడిగి తీసుకోండి. ఇంకో మాట, జాక్ మూతను ముందే వైరులోకి ఎక్కించండి. సోల్డర్ అయ్యాక గుర్తొస్తే మొత్తం ఊడదీయాల్సిందే.

అపోహ: సూపర్ గ్లూ అన్నిటికీ మందు.
విరిగిన హెడ్‌బ్యాండుకు సరే. వైరు మీద పోస్తే గట్టిపడి, ఆ గట్టి చోటు పక్కనే మళ్లీ తెగుతుంది. దాని ఆవిరి స్పీకర్ పొర మీద తెల్లగా పేరుకుంటుంది కూడా. వైరుకు ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయండి.

అపోహ: శబ్దం తగ్గితే స్పీకర్ పాతబడింది.
ముందు స్పీకర్ మీది జాలీ చూడండి. చెవి గుబిలి, చెమట పేరుకుని ఉంటాయి. జాలీని కిందికి పెట్టి, పొడి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. నీళ్లు వద్దు.

బ్లూటూత్ బడ్స్‌లో బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇంట్లో తెరవకండి, చార్జింగ్ పెట్టకండి. లిథియం బ్యాటరీకి సూది మొన గుచ్చుకున్నా మంట లేవొచ్చు. అలాంటివి నేనూ బాగుచేయను.