మోడల్ చూపే ఉక్కు బరువు: అపోహలు - వాస్తవాలు

చెన్నై అంబత్తూరు పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు పదేళ్ళుగా ఉక్కు లెక్కలు చూస్తున్నాను. ఇక్కడ కొనుగోలు, కూలి, బిల్లు అన్నీ టన్నుల్లోనే. నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చి డీటెయిలింగ్‌లో (తయారీ డ్రాయింగులు గీసే పనిలో) చేరే తమ్ముళ్ళు కంప్యూటర్‌లో గీసిన త్రీడీ మోడల్ చూపిన బరువు అంకెను అలాగే రాసి ఇచ్చేస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందో వాళ్ళకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ఘనపరిమాణాన్ని 7850తో గుణిస్తే చాలు, బరువు వచ్చేస్తుంది.

వాస్తవం: ఘనమీటరు ఉక్కు 7850 కిలోలన్నది నిజమే. చిక్కంతా ఘనపరిమాణంతోనే. ఐఎస్ఎంబీ 300 అనే, 300 మిల్లీమీటర్ల లోతున్న I ఆకారపు బీము తీసుకోండి. ఫ్లేంజి (పైన, కింద ఉండే అడ్డపట్టీ) వెడల్పు 140, మందం 13.1, వెబ్ (మధ్యలోని నిలువు పట్టీ) మందం 7.7 మిల్లీమీటర్లు. మూడు దీర్ఘచతురస్రాలుగా లెక్కేస్తే మీటరుకు 45.3 కిలోలు వస్తాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 808 పట్టికలో మాత్రం 46.0. ఫ్లేంజి, వెబ్ కలిసే మూలల్లో ఉండే వంపు తెచ్చే తేడా అది. మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రివిట్‌లో వాడిన ఫ్యామిలీలో (బీము నమూనాలో) ఆ వంపు గీయకపోతే వంద టన్నుల పనిలో దాదాపు 1.4 టన్నులు లెక్కలోకే రావు. అందుకే రోల్డ్ సెక్షన్లకు (మిల్లులో ఇలాంటి ఆకారాల్లో సాగదీసిన బీములకు) పట్టికలోని మీటరు బరువును పొడవుతో గుణించే గడినే షెడ్యూలులో (మోడల్ ఇచ్చే ముక్కల జాబితాలో) పెట్టమంటాను. ప్లేట్లకు ఈ బెడద లేదు: ప్రతి మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 7.85 కిలోలు.

పట్టిక ఏ ఏడాదిదో కూడా చూసుకోవాలి. 1964 నాటి ఎస్‌పీ 6 చేతిపుస్తకంలో ఇదే ఐఎస్ఎంబీ 300 బరువు 44.2 కిలోలే. ఆ అంకెలున్న పాత ఎక్సెల్ షీట్లు ఇంకా ఆఫీసుల్లో చేతులు మారుతున్నాయి. వాటిని దయచేసి తీసి పక్కన పెట్టండి.

అపోహ: బీము పొడవంటే గ్రిడ్ (కాలమ్ మధ్యగీత) నుంచి గ్రిడ్ వరకు ఉన్న దూరం.

వాస్తవం: రివిట్‌లో లెంగ్త్ వేరు, కట్ లెంగ్త్ (నిజంగా కోసే పొడవు) వేరు. 6 మీటర్ల గ్రిడ్‌లో రెండు వైపులా 300 మిల్లీమీటర్ల లోతు కాలమ్‌లు, చెరో చివర 10 మిల్లీమీటర్ల సందు ఉన్నాయనుకోండి. కోసే ముక్క 5.68 మీటర్లు. ఐఎస్ఎంబీ 300కు అది 276 కిలోలు కాదు, 261. అలాంటి బీములు రెండు వందలు ఉంటే తేడా దాదాపు మూడు టన్నులు.

అపోహ: నికర బరువే బిల్లు బరువు.

వాస్తవం: ఒప్పందంలో కొలత ఎలా రాసి ఉంటే అదే బిల్లు బరువు. మరో మోడలింగ్ సాఫ్ట్‌వేర్ టెక్లాలో స్థూల బరువు (కోతలు, రంధ్రాలు తీసేయక ముందు), నికర బరువు (తీసేశాక) విడివిడిగా దొరుకుతాయి. కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) నిర్దేశాల ప్రకారం గసెట్ ప్లేటును (ముక్కలను కలిపే అతుకు ప్లేటును) దాని చుట్టూ పట్టే చతురస్రపు కొలతతో లెక్కించాలి. 25 మిల్లీమీటర్ల వ్యాసం వరకు ఉన్న బోల్టు రంధ్రాలకు తగ్గింపు లేదు. లంబకోణానికి ఇరువైపులా 300 మిల్లీమీటర్ల భుజాలతో, 12 మిల్లీమీటర్ల మందంతో ఉన్న త్రికోణపు గసెట్ మోడల్‌లో 4.2 కిలోలు, కొలతలో 8.5 కిలోలు. మొదట్లో ఒక ప్రభుత్వ పనికి నేను నికర బరువుతోనే బిల్లు తయారుచేశాను. న్యాయంగా రావలసిన డబ్బును షెడ్డు యజమాని కోల్పోయారు. అప్పటి నుంచి ఒప్పందంలో కొలతల పేజీ చదవకుండా మోడల్ తెరవను.

క్రేన్ ఎత్తే బరువు మళ్ళీ వేరు. బోల్టులు, వెల్డు, అతికించిన క్లీట్లు అన్నీ అందులో చేరాలి. కనెక్షన్లు గీయని తొలిదశ మోడల్ నుంచి ఆ అంకె తీసుకోవడం ప్రమాదం.

అపోహ: వేబ్రిడ్జి (లారీ కాటా) అంకెతో కలవకపోతే మోడల్ తప్పు.

వాస్తవం: మిల్లులో జరిగే ప్రతి రోలింగ్‌కూ బరువులో అనుమతించిన హెచ్చుతగ్గులు ఉంటాయి. గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా జింకు పూత) చేయిస్తే జింకు బరువు కూడా చేరుతుంది. ఐఎస్ 4759 ప్రకారం 5 మిల్లీమీటర్లు, అంతకన్నా మందమైన ఉక్కుపై చదరపు మీటరుకు కనీసం 610 గ్రాములు పూత పడాలి. ఐఎస్ఎంబీ 300కు మీటరుకు దాదాపు 700 గ్రాములన్నమాట. మా లారీలు గాల్వనైజింగ్‌కు వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కాటా వేయిస్తాం. ఆ రెండు చీటీలనూ మోడల్ షెడ్యూలుతో కలిపి పిన్ను చేసి ఉంచుతాం.