సైకిల్‌కు బండి తగిలాక డ్రైవరు బాధ్యత: అపోహలు - వాస్తవాలు

మోటారు ప్రమాద కేసులు నడిపేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. గుద్దినందుకు పడే కేసు కంటే గుద్దాక భయంతో చేసిన పనులే డ్రైవర్లను ఎక్కువ చిక్కుల్లో పడేస్తాయి. ఆ భయం వెనక ఉండేది చాలావరకు విని నమ్మిన మాటలే.

అపోహ: అక్కడ ఆగితే తప్పు ఒప్పుకున్నట్టే.

తప్పెవరిదో తేల్చడం వేరు, ప్రమాదం జరిగాక డ్రైవరు చేయాల్సిన పని వేరు. తప్పు ఎవరిదైనా సరే, మోటారు వాహనాల చట్టం 1988లోని 132, 134 సెక్షన్ల ప్రకారం డ్రైవరు బండి ఆపాలి. అవతలివాళ్ళు అడిగితే పేరు, చిరునామా చెప్పాలి. గాయపడ్డ మనిషికి వైద్యం అందేలా చూడాలి. అక్కడ పోలీసు లేకపోతే దగ్గరి స్టేషన్లో వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు చెప్పాలి. ఇది చేయకపోతే 187 సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గుద్దిన కేసులో మీ తప్పు లేదని తేలినా, ఆగకుండా వెళ్ళిన తప్పు మాత్రం మీదే.

ఇక అరెస్టు సంగతి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ర్యాష్ డ్రైవింగ్‌కు 281, గాయాలకు 125, నిర్లక్ష్యం వల్ల మరణానికి 106(1) వర్తిస్తాయి. ఈ మూడూ బెయిలు హక్కుగా దొరికే సెక్షన్లే. 106(1)కు 5 ఏళ్ళ దాకా శిక్ష ఉన్నా స్టేషన్ బెయిల్, అంటే కోర్టు దాకా పోకుండా పోలీసు స్టేషన్లోనే ఇచ్చే బెయిలు, దొరుకుతుంది. తాగి నడిపి ప్రాణం తీస్తే లెక్క మారుతుంది. అప్పుడు పోలీసులు 105 సెక్షన్ (హత్య కిందకు రాని ప్రాణహరణ నేరం) పెట్టే అవకాశం ఉంది, అందులో బెయిలు కోర్టు దయ మీదే.

అపోహ: జనం కొట్టేలా ఉన్నా అక్కడే నిలబడాలి.

అక్కర్లేదు. జనం ఆగ్రహంతో ఉంటే గాయపడ్డవాళ్ళను మీరే తీసుకెళ్ళలేకపోవచ్చని 134 సెక్షనే చెబుతోంది. అయితే అక్కణ్ణుంచి ఇంటికి పోకూడదు. ముందు 112కు ఫోన్ చేసి చోటు, బండి నంబరు, గాయపడ్డవాళ్ళు ఎంతమందో చెప్పండి. 108ని పిలవండి. తర్వాత నేరుగా దగ్గరి స్టేషన్‌కు వెళ్ళి, ఎందుకు ఆగలేకపోయారో చెప్పి జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రికార్డులో) రాయించండి. ఫోన్లో కాల్ లాగ్ చెరిపేయకండి. పారిపోలేదని మీ తరఫున చెప్పే మొదటి సాక్ష్యం అదే.

అపోహ: లేచి నిలబడ్డాడు, 'నాకేం కాలేదు బాబూ' అన్నాడు, కాబట్టి మన పని అయిపోయింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంటే మనిషి కాసేపు మామూలుగానే మాట్లాడతాడు, నడుస్తాడు. సైకిల్ చైన్ సర్దుకుని వెళ్ళిపోతాడు కూడా. కొన్ని గంటలకు తలనొప్పి, వాంతులు, మగత మొదలవుతాయి. అప్పటికి ఇంట్లో పడుకుని ఉంటే నిద్ర అనుకుని ఎవరూ లేపరు. పొట్టకు హ్యాండిల్ గుచ్చుకోవడం మరో ప్రమాదం, ముఖ్యంగా పిల్లల్లో. గ్రిప్ రబ్బరు ఊడిపోయిన హ్యాండిల్ కొస పొట్టలో దిగబడితే చర్మం మీద రూపాయి బిళ్ళంత గుండ్రని మచ్చ తప్ప ఏమీ కనబడదు. లోపల ప్లీహమో, కాలేయమో, క్లోమమో చిట్లి ఉండొచ్చు. అందుకే సైకిల్ మీంచి పడ్డ మనిషిని, ఆయన వద్దన్నా సరే, డాక్టరుకు చూపించాలి. తల, పొట్ట ప్రత్యేకంగా చూడమని అడగాలి. ఆయన ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి, ఆ రాత్రి మధ్యమధ్య లేపి చూడమని చెప్పాలి.

లేవలేని స్థితిలో ఉంటే జాగ్రత్తలు వేరు. సైకిల్ మీ బండి కింద ఇరుక్కుంటే కంగారుగా రివర్స్ చేయకండి. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, దిగి కిందకు చూడండి. కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలో మడతపెట్టి పంపకండి, మెడ ఎముక విరిగి ఉంటే నరం తెగేది ఆ కుదుపులోనే. శ్వాస తీసుకుంటూ ఉండి, మంటల వల్లో ట్రాఫిక్ వల్లో ప్రమాదం లేకపోతే, 108 వచ్చేదాకా తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోవడం మేలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పది నిమిషాల దాకా తీసి చూడకండి. ఒంట్లో దిగిన స్పోక్‌ను లాగకండి, ఆస్పత్రిలోనే తీయాలి. నీళ్ళు తాగించకండి. స్పృహ సరిగా లేకపోతే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడం కూడా కష్టమవుతుంది.

అపోహ: ముందు డబ్బు కట్టకపోతే, పోలీసు కాగితం లేకపోతే ఆస్పత్రిలో చేర్చుకోరు.

ఏ లాంఛనం కోసమూ ఆగకుండా వెంటనే చూడటం డాక్టరు బాధ్యత అని అదే 134 సెక్షన్ చెబుతోంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ పథకం కింద, ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు చికిత్స దొరుకుతుంది. మోటారు బండి వల్ల గాయపడ్డ సైకిలిస్టు కూడా ఇందులోకి వస్తాడు. కానీ ప్రమాదం జరిగిందని పోలీసులు ధ్రువీకరించాలి. మీరు స్టేషన్లో చెప్పకపోతే ఆ మనిషికి దక్కాల్సిన వైద్యం ఖర్చును మీరే అడ్డుకున్నట్టు.

అపోహ: అక్కడికక్కడే చేతిలో నాలుగైదు వేలు పెట్టి, 'కేసు వద్దు' అని కాగితం రాయించుకుంటే చాలు.

ఆ కాగితం మీ 134 సెక్షన్ బాధ్యతను తీసేయదు. వారం తర్వాత గాయం తీవ్రమైనదని తేలితే కేసునూ ఆపదు. మరణం జరిగితే 106(1) అసలు రాజీకి వీలున్న సెక్షనే కాదు. డబ్బు ఇవ్వాలనిపిస్తే వైద్యానికి ఇవ్వండి, రసీదు దాచుకోండి. గాయపడ్డ మనిషి దినకూలీ అయితే ఆ సాయం నిజంగా అవసరం. కానీ దాన్ని రాజీ అనుకోకండి.

అపోహ: రాంగ్ సైడ్ వచ్చింది సైకిల్ వాడే, లైటు కూడా లేదు, కాబట్టి నాకు సంబంధం లేదు.

మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద ఎవరి తప్పో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. 166 కింద ఎక్కువ అడిగితే అప్పుడు తప్పు లెక్కలోకి వస్తుంది. అక్కడ కూడా ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) సైకిలిస్టు వాటా శాతం తగ్గించవచ్చు తప్ప, లైటు లేదన్న ఒక్క మాటతో కొట్టేయదు. ఆ లోపమే ప్రమాదానికి కారణమైందని చూపాలి. మోటార్ సైకిల్‌పై ముగ్గురు ఎక్కిన కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: నియమం ఉల్లంఘిస్తే చాలదు, దానికీ ప్రమాదానికీ లింకు ఉండాలి. క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం కేసు పోదు కూడా.

కాబట్టి ఆధారాలు మీరే భద్రం చేసుకోవాలి. ఎవరినీ కదిలించక ముందు బండి, సైకిల్ పడి ఉన్న తీరు, బ్రేకు గీతలు, పగిలిన అద్దం ముక్కలు, వంగిన చక్రం, రిఫ్లెక్టరు ఉందో లేదో, వీధి దీపాలు ఫోటో తీయండి. వైద్యం మాత్రం వీటికోసం ఆగకూడదు. డాష్‌క్యామ్ ఉంటే కార్డు వెంటనే బయటకు తీయండి. నడుస్తూనే ఉంటే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు చూసేదాకా బంపరు బాగు చేయించకండి, బండి కడగకండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది, వాళ్ళే చూసుకుంటారు.

కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాల్సింది మీరు. పాలసీ నంబరు, దాని గడువు, ప్రమాదం తేదీ, సమయం, చోటు, గాయపడ్డవాళ్ళ వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం 30 రోజుల్లో ఫారం 3 డ్రైవరు, ఫారం 4 యజమాని దర్యాప్తు అధికారికి ఇవ్వాలి. ట్రిబ్యునల్ నోటీసు వస్తే దాచుకోకండి, కంపెనీకి పంపండి. లైసెన్సు లేకుండా నడిపించారని తేలితే కంపెనీ ముందు బాధితుడికి చెల్లించినా ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. మైనరు నడిపితే 199ఏ కింద తల్లిదండ్రులకు లేదా యజమానికి 3 ఏళ్ళ దాకా జైలు ఉంది.

అపోహ: పారిపోతే పదేళ్ళ జైలు వచ్చేసింది.

న్యాయ సంహిత 106(2)లో అలా రాసి ఉన్న మాట నిజమే. కానీ 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి తెచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను ఆపి ఉంచారు. మోటారు వాహనాల చట్టంలోని 134, 187 మాత్రం ఎప్పటి నుంచో ఉన్నాయి.

అపోహ: ఆ బండి ఎప్పుడో అమ్మేశాను, నాకేంటి?

రిజిస్ట్రేషన్ పేరు మారకపోతే పరిహారం కేసులో యజమాని మీరే. 2018లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. అమ్మిన రోజునే యాజమాన్య బదిలీకి కావాల్సిన ఫారం 29, ఫారం 30 సంతకాలు చేసి, ఆర్‌టీఓ దగ్గర బదిలీ అయ్యేదాకా వెంటపడండి.