రొయ్యల ఎగుమతి వ్యాపారంలో "అక్కడ అంతే" అనే మాట: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఆడిట్, కంప్లయెన్స్ (రూల్స్ పాటిస్తున్నారా అని చూసే) పనులు చూస్తాను. లోపల పొట్టు వలిచే మన ఊళ్ళ ఆడవాళ్ళు, ఒడిశా కుర్రాళ్ళు, బయట జపాన్, చైనా, అమెరికా, యూరప్ బయ్యర్లు. మధ్యలో ఉండే యజమానుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఏ దేశానికి ఆ దేశం పద్ధతి, మనకెందుకు నీతులు.

వాస్తవం: ఫ్రోజెన్ రొయ్య మీద ఐస్ పొర (గ్లేజ్) వేసేది రొయ్య ఎండిపోకుండా. ఎంత శాతం అనేది బయ్యర్‌ని బట్టి మారుతుంది, అందులో తప్పేం లేదు. కానీ యూరప్ నిబంధన ప్రకారం ప్యాకెట్ మీద వేసే నికర బరువులో ఆ ఐస్ కలపకూడదు. ఫలానా దేశం వాళ్ళు పట్టించుకోరులే అని ఐసుని రొయ్య రేటుకి అమ్మేవాళ్ళని నేనడిగేది ఒకటే, ఈ లెక్క బయ్యర్ ఎదురుగా కూర్చుని చెప్పగలరా?

అపోహ: గిఫ్టులన్నీ లంచాలే. లేదంటే, చిన్న మొత్తం ఇస్తే లంచం కాదు.

రెండూ తప్పే. జపాన్‌లో వేసవిలో ఓచూగెన్, ఏడాది చివర ఓసెయిబో అని కానుకలు పంపుకుంటారు, చైనాలో మూన్ కేకులు. మనం పండక్కి స్వీట్ బాక్స్ ఇవ్వమా? అందరి ముందూ ఇచ్చి, రిజిస్టర్‌లో రాసుకుంటే చాలు. ఫైలు కదలడానికి ఇచ్చే 'టీ ఖర్చుల' సంగతి వేరు. మామూలు పని త్వరగా కావడానికి విదేశీ అధికారులకిచ్చే చిన్న మొత్తాలకి అమెరికా 1977 లంచాల నిరోధక చట్టంలో కొంత మినహాయింపు ఉంది, బ్రిటన్ 2010 చట్టంలో అదీ లేదు. మన దగ్గర అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్ళకీ 7 ఏళ్ళ వరకు జైలు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంటుంది, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి.

అపోహ: మా వర్కర్లు నోరెత్తరు, అంటే అంతా బాగున్నట్టే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. విదేశీ ఆడిటర్ వచ్చి ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడుగుతాడు, పక్కనే సూపర్‌వైజర్ నిలబడి ఉంటాడు, ఆ అమ్మాయి "ఏం లేదు సార్" అంటుంది. ఆమెని పనిలో పెట్టింది మేస్త్రీ, అడ్వాన్స్ ఇచ్చిందీ ఆయనే, రేపు రావద్దని చెప్పేదీ ఆయనే, ఇంకేం చెబుతుంది? మేనేజర్ మాత్రం పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకపోవడం మన సంస్కృతి అని ఆడిటర్‌కి వివరిస్తాడు. భయాన్ని మర్యాద అనకండి. ఫిర్యాదుల పెట్టె గోడకి తగిలిస్తే సరిపోదు, చదువు రానివాళ్ళున్నారు, ఒడియా తప్ప ఏదీ రానివాళ్ళున్నారు. షిఫ్ట్ అయ్యాక, సూపర్‌వైజర్ లేనప్పుడు, ఆడవాళ్ళతో ఆడమనిషే కూర్చుని వాళ్ళ భాషలో మాట్లాడితే అప్పుడు వస్తాయి బయటికి, రాని ఓవర్‌టైం డబ్బులు, బాత్రూమ్‌కి పంపకపోవడం, ఐసు నీళ్ళలో నానిన చేతులు. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. ఆ సీట్లో యజమాని బంధువుని కూర్చోబెట్టకండి.

అపోహ: యాంటీబయాటిక్ రూల్స్ తెల్లోళ్ళు మన మీద రుద్దినవి.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు మన దేశంలోనే రొయ్యల సాగులో నిషేధం. రొయ్యల్లో ఈ మందులు ఉన్నాయా అని చేసే టెస్ట్ ఫెయిలైందని చెప్పి సరుకు వెనక్కి పంపేటప్పుడు రైతుకి ఏ మందు దొరికింది, ఎంత దొరికింది అనేది తెలుగులో రాసి రిపోర్ట్ కాపీతో పాటు చేతికివ్వండి. చాలామంది ఇవ్వరు, రైతు మళ్ళీ అదే షాపులో అదే డబ్బా కొంటాడు.