సుంకం ఎవరి జేబులోంచి? దిగుమతి పన్నులపై అపోహలు - వాస్తవాలు

దిగుమతి సరకును కస్టమ్స్ నుంచి విడిపించి పెట్టడం నా వృత్తి. ఇన్వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, మూలదేశ ధ్రువపత్రాలు చూస్తూనే రోజు గడిచిపోతుంది. ఏ దేశం ఏ దేశం మీద సుంకం పెంచినా ఆ సాయంత్రానికల్లా తెలిసినవాళ్ల దగ్గరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. వాళ్ల మాటల్లో తరచూ వినిపించే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: సుంకం కట్టేది సరకు పంపిన దేశం.

వాస్తవం: నేను ఈ పనిలో ఉన్నన్నాళ్లూ ఒక్క విదేశీ ప్రభుత్వమూ నా చేతుల మీదుగా సుంకం కట్టలేదు. రేవులో దిగిన కంటైనర్‌ను విడిపించుకోవడానికి డబ్బు కట్టేది ఆ సరకు తెప్పించుకున్న వ్యాపారే. కట్టిన తరువాత ఆ భారం చివరికి ఎవరి మీద వాలుతుందన్నది అసలు ప్రశ్న. అమ్మేవాడు ధర కొంత తగ్గించవచ్చు. వ్యాపారి తన లాభంలో కొంత వదులుకోవచ్చు. మిగిలినది కొనేవారి బిల్లులో చేరుతుంది. బేరంలో పట్టు ఎవరిదైతే వాళ్ల మీద తక్కువ పడుతుంది. ఇంకెక్కడా దొరకని సరకైతే అమ్మేవాడు పైసా దిగడు. 2018లో అమెరికా చైనా సరకుల మీద వేసిన సుంకాలను తరువాత ఆర్థికవేత్తలు లెక్కగడితే, దాదాపు భారమంతా అమెరికా వైపే పడినట్టు తేలింది.

అపోహ: సుంకం వేసిన వస్తువు ఒక్కటే ప్రియమవుతుంది.

వాస్తవం: ఇది వినగానే నాకు వాషింగ్ మెషిన్లు గుర్తుకొస్తాయి. 2018 మొదట్లో అమెరికా విదేశీ వాషింగ్ మెషిన్ల మీద ప్రత్యేక సుంకం వేసింది. మొదటి ఏడాదిలో 12 లక్షల యంత్రాల దాకా 20 శాతం, ఆపైన వచ్చేవాటికి 50 శాతం. వాటి ధరలు సుమారు 12 శాతం పెరిగాయి. వింత ఏమిటంటే, బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ల మీద ఆ సుంకం లేనే లేదు, అయినా వాటి ధరలూ దాదాపు అంతే పెరిగాయి. అక్కడ ఎక్కువమంది ఆ రెండింటినీ జతగా కొంటారు కాబట్టి పెంపును రెండింటికీ సర్దేశారు. స్వదేశీ కంపెనీలు కూడా ఊరుకోలేదు. పోటీదారు ధర పెరిగాక తమ సరకును పాత ధరకే అమ్మాలని ఎవరికి ఉంటుంది?

ఈ ముచ్చటకు అయిన ఖర్చును ఆర్థికవేత్తలు లెక్కవేశారు. ఆ సుంకం వల్ల ఖజానాకు వచ్చింది 8 కోట్ల డాలర్ల పైచిలుకు. కొనుగోలుదారుల మీద పడింది ఏడాదికి సుమారు 150 కోట్ల డాలర్లు. ఉద్యోగాలు రాలేదా అంటే వచ్చాయి, సుమారు 1,800. ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు పెట్టిన ఖర్చు 8 లక్షల డాలర్లు దాటింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

అపోహ: 20 శాతం సుంకమంటే దుకాణంలో 20 శాతం పెంపు.

వాస్తవం: సుంకం లెక్కకట్టేది సరిహద్దు దగ్గర సరకుకున్న విలువ మీద, దుకాణం ధర మీద కాదు. సరిహద్దులో 100గా ఉన్న వస్తువు దుకాణానికి చేరేసరికి రవాణా, అద్దె, జీతాలు, లాభం కలిసి 200 అవుతుందనుకుందాం. 20 సుంకం చేరితే 220, అంటే పెంపు 10 శాతమే. కానీ మధ్యలో ఉన్నవాళ్లు లాభాన్ని శాతాల్లో వేసుకునే అలవాటున్నవాళ్లైతే అదే వస్తువు 240 అవుతుంది. సుంకం తగ్గినప్పుడు ఈ లెక్క అంతే చురుకుగా వెనక్కి నడవడం నేను పెద్దగా చూడలేదు. పాత నిల్వ ఇంకా అయిపోలేదన్న మాట మాత్రం చాలాసార్లు విన్నాను.

అపోహ: ఏ వస్తువుకు ఎంత సుంకమో పట్టికలో చూస్తే చాలు.

వాస్తవం: పట్టిక ఉంది. కష్టమంతా ఆ వస్తువు ఏమిటో తేల్చడంలోనే ఉంది. ప్రతి వస్తువుకూ ఒక అంకెల కోడ్ ఇచ్చే వర్గీకరణ పద్ధతి, ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హార్మొనైజ్డ్ సిస్టమ్, 1988 నుంచి అమల్లో ఉంది. అందులో అయిదు వేలకు పైగా వర్గాలున్నాయి, కోడ్‌లోని మొదటి ఆరు అంకెలు దాదాపు ప్రపంచమంతటా ఒక్కటే. తగవులన్నీ పుట్టేది ఏ వర్గమన్న దగ్గరే. అమెరికాలో ఒకప్పుడు మనిషి రూపంలో ఉన్న బొమ్మకు 12 శాతం, ఇతర ఆటవస్తువులకు 6.8 శాతం సుంకం ఉండేది. దాంతో ఎక్స్‌మెన్ అనే కామిక్ కథల్లోని అతీత శక్తుల పాత్రల బొమ్మలు తెప్పించిన కంపెనీ, అవి మనుషులు కావని కోర్టులో వాదించింది. 2003లో గెలిచింది కూడా. నవ్వొచ్చినా, మా పనిలో సగం ఇలాంటిదే.

అపోహ: సుంకం వేయకపోతే ధర పెరగదు.

వాస్తవం: 1981లో అమెరికా ఒత్తిడి మీద జపాన్ అక్కడికి తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు తానే పరిమితం చేసుకుంది. కొత్త సుంకం ఒక్క పైసా లేదు. అయినా దొరికే కార్లు తగ్గడంతో ధరలు పెరిగాయి. సంఖ్య మీదే పరిమితి ఉన్నప్పుడు చిన్న కారు పంపడం దేనికని జపాన్ కంపెనీలు పెద్ద కార్ల మీద దృష్టి పెట్టాయి. సుంకమైతే ఆ అదనపు సొమ్ము ప్రభుత్వానికి చేరేది, ఇక్కడ చాలావరకు అమ్మినవాళ్లకే మిగిలింది. లైసెన్సులు, నాణ్యతా ప్రమాణాలు, ఎగుమతి నిషేధాలు కూడా ఇలాగే చడీచప్పుడు లేకుండా పనిచేస్తాయి.

అపోహ: స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరితే ఆ దేశం సరకంతా సుంకం లేకుండా వస్తుంది.

వాస్తవం: దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. ముందు ఆ వస్తువు మినహాయింపుల జాబితాలో ఉండకూడదు. తరువాత అది నిజంగా ఆ దేశంలోనే తయారైందని ఒప్పందంలోని సూత్రాల ప్రకారం రుజువు కావాలి. వేరే దేశపు భాగాలు తెచ్చి బిగించి పెట్టెలో పెడితే చాలదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన సరకులో ధ్రువపత్రం మీది కోడ్‌కూ ఇన్వాయిస్ మీది కోడ్‌కూ పొంతన కుదరలేదు. సవరించిన పత్రం వచ్చేలోగా రేవులో డెమరేజ్, అంటే గడువు దాటి ఉంచినందుకు కట్టే రుసుము, పెరుగుతూ పోయింది. ఆ వ్యాపారి చివరికి పూర్తి సుంకం కట్టి సరకు తీసుకుపోయాడు. చిన్న సరకులకైతే చాలామంది రాయితీ అడగను కూడా అడగరు, ఆ కాగితాల ఖర్చే ఎక్కువని.

అపోహ: సుంకాల రేట్లు ప్రపంచ వాణిజ్య సంస్థ నిర్ణయిస్తుంది.

వాస్తవం: నిర్ణయించేది ఆయా ప్రభుత్వాలే. ఇంతకు మించి వేయబోమని అవి ఇచ్చిన మాటల పట్టిక ఆ సంస్థ దగ్గర ఉంటుంది. మాట తప్పితే ఫిర్యాదు చేయవచ్చు. అయితే 2019 డిసెంబర్ నుంచి అక్కడి అప్పీళ్ల విభాగం పనిచేయడం లేదు.

అపోహ: ఇవన్నీ తాత్కాలికం, గొడవ సద్దుమణిగితే పోతాయి.

వాస్తవం: కొన్ని పోతాయి. ఆ వాషింగ్ మెషిన్ల సుంకం 2023లో ముగిసింది. ఇంకొక కథ చూడండి. యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద పన్ను పెంచాయన్న కోపంతో అమెరికా 1964లో దిగుమతయ్యే చిన్న సరకు వాహనాల మీద 25 శాతం సుంకం పెట్టింది. కోళ్ల గొడవ ఎవరికీ గుర్తులేదు, సుంకం మాత్రం నేటికీ ఉంది. ప్రయాణికుల కార్లకు రేటు 2.5 శాతమే ఉన్న రోజుల్లో, ఫోర్డ్ కంపెనీ తుర్కియేలో తయారైన తన వ్యాన్లను వెనుక సీట్లు బిగించి అమెరికాకు తెచ్చేది. కస్టమ్స్ దాటాక ఆ సీట్లు ఊడదీసి వాటిని సరకు వ్యాన్లుగా మార్చేది. దీని మీద అమెరికా ప్రభుత్వంతో ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యం 2024లో 36.5 కోట్ల డాలర్ల చెల్లింపుతో రాజీ అయింది. కూర్చునేవాళ్లు లేకుండానే ఆ సీట్లు సముద్రం దాటి వచ్చి తుక్కులో కలిశాయి.